కన్నెపిల్ల తయారైంది

అశోక్‌నగర్‌లో అరుంధతిని అందరూ డాక్టరమ్మ అంటారు. ఆ పేరు నమ్మి మోకాళ్ల నొప్పికి మందడిగిన వాళ్లూ ఉన్నారు. ఆవిడ డాక్టరేటు ప్రాచీన గ్రీకు శిల్పాల మీద. ఆ ముక్క చెప్పగానే అడిగినవాళ్ల ముఖంలో కనిపించే జాలి ఆవిడకు కొత్త కాదు.

నారాయణగూడలో డిగ్రీ చదివే రోజుల్లో చరిత్ర పుస్తకంలోని ఒక బొమ్మ ఆవిడను పట్టుకుంది, మళ్లీ వదల్లేదు. ఆ పిచ్చితోనే బరోడా వెళ్లి ఎం.ఏ. చేసింది. పరిశోధన కోసం ఒకే ఒక్కసారి ఏథెన్స్ వెళ్లి, మ్యూజియంలలో కాళ్లు పీకేదాకా తిరిగి, ఆ కాసిని రోజుల్లో చూసినదాన్నే కాచిగూడ వైపు ఒక కాలేజీలో ఉద్యోగం ఉన్నన్నాళ్లూ పాఠం చెప్పింది. బ్యాంకులో పనిచేసి రిటైరైన భర్త రామచంద్రరావు ఇంటికొచ్చిన వాళ్లకు గోడలమీది చేతులు విరిగిన శిల్పాల ఫొటోలు చూపించి, ‘ఈ ఇంట్లో చేతులుండీ పని చెయ్యని శిల్పాన్ని నేనొక్కణ్ణే’ అంటుంటాడు. అందులో అబద్ధమేమీ లేదు.

అరుంధతి జీవితమంతా వాదించిన మాట ఒక్కటే. గ్రీకు శిల్పాలు తెల్లవి కావు. పెదాలకు ఎరుపు, జుట్టుకు రంగు, బట్టలకు అంచులు, అన్నీ ఉండేవి. కాలక్రమంలో చెరిగిపోయాయంతే. పిల్లలు ఈ సంగతి పరీక్షలో చక్కగా రాసేవాళ్లు, నమ్మేవాళ్లు మాత్రం కాదు. అంత మంచి పాలరాతికి ఎవరైనా రంగు పూస్తారా మేడం, అని నవ్వేవాళ్లు. ప్రమోషన్ ఆలస్యమైనప్పుడు కూడా ఆవిడ ఇంత బాధపడలేదు.

రిటైరయ్యాక, చిక్కడపల్లి లైబ్రరీ హాల్లో తెలుగులో ఉపన్యాసం ఇమ్మని పిలుపొచ్చింది. ఈ ఒక్కసారైనా ఒక్కరైనా నమ్మాలని ఆవిడ ఆశ. చూపించడానికి ఇంట్లో ఒక బొమ్మ ఉంది. గ్రీకులు గుడి ముంగిట నిలిపే కన్నెపిల్ల ప్రతిమకు ప్లాస్టర్ నకలు అది, బరోడాలో గురువుగారు ఇచ్చింది. తీరా ఇంటికి సున్నాలు వేయిస్తుంటే దాని ముక్కు కాస్తా ఊడింది.

నారాయణగూడ సందులో వినాయకుడి విగ్రహాలు చేసే ఏడుకొండలు దగ్గరికి ఆటోలో దాన్ని ఒళ్లో పెట్టుకుని వెళ్లింది. ఊడిన ముక్కు చూపించి, “ఆదివారం మీటింగుంది. జర శనివారానికి పిల్లను తయారు చేసి పెట్టు” అని చెప్పి వచ్చింది.

తప్పంతా ఆ ‘తయారు’లోనే ఉంది. ఈ ఊళ్లో ఆడపిల్ల తల దువ్వుకుని, బొట్టు పెట్టుకుని, మంచి చీర కట్టుకుంటేనే తయారైనట్టు.

శనివారం వెళ్లేసరికి కన్నెపిల్ల పసుపుపచ్చటి ముఖంతో, నల్లటి జడలతో, ఎర్రంచు చిలకాకుపచ్చ బట్టల్లో నిలబడి ఉంది. అరుంధతి అక్కడున్న స్టూలు మీద కూలబడింది. ప్లాస్టర్ రంగును ఎప్పుడో తాగేసింది, కడిగినా పోదు. తను చెప్పింది ముక్కు సంగతి కదా అని కోపంగా అడిగింది.

“ముక్కు పెట్టిన కదమ్మా. ఉత్త సున్నం బొమ్మను నలుగురి ముందలికి ఎట్ల పంపాలె? కండ్లు మాత్రం పెట్టలే. గవి ఇంటోళ్ల ముందల్నే పెట్టాలె” అన్నాడు ఏడుకొండలు, ఏ తప్పూ చెయ్యని మనిషి ధీమాతో.

అరుంధతి బొమ్మ వైపు తిరిగింది. ఇన్నేళ్లూ ఆ బొమ్మ తన బల్ల మీదే ఉంది. రంగులుండేవని లోకమంతటితో వాదించిన మనిషి, దాని అంచుకైనా ఒక్క చుక్క పెట్టలేదు. ఏ ఛాయో ఆధారం లేదని సాకు చెప్పుకుంది. నిజానికి తనకూ తెల్లగా ఉంటేనే ముద్దు. సిగ్గేసింది, ఆ వెంటనే నవ్వొచ్చింది. బ్రష్ ఇలా ఇవ్వమని చెయ్యి చాచింది. ఎడమ కన్ను కాస్త వంకర పోయింది కానీ, పిల్ల చూడటం మొదలుపెట్టింది.

ఆదివారం హాల్లో అశోక్‌నగర్ కోచింగు కుర్రాళ్లు కొందరు కూర్చున్నారు. ఇది గ్రూప్స్ సిలబస్‌లో వస్తుందా అని ఒకడు ముందే కనుక్కున్నాడు. అరుంధతి ఉన్నదున్నట్టు చెప్పింది. ఈ పసుపు, ఈ చిలకాకుపచ్చ నారాయణగూడవి, గ్రీకులవి కావు, కానీ రంగులుండటం మాత్రం నిజం. చెప్పి, అదే పిల్ల అసలు శిల్పం ఏథెన్స్ మ్యూజియంలో తెల్లగా ఉన్న ఫొటోను బొమ్మ పక్కన నిలబెట్టింది. హాలు ఊడ్చే నర్సింహమ్మ, పాలమూరు వైపు మనిషి, గుమ్మంలో చీపురు పక్కన పెట్టుకుని వింటోంది. ఆ ఫొటో చూసి లేచి నిలబడింది.

“గీ పిల్ల రంగులన్ని ఎవలు తుడిసిన్రమ్మా?”

ఎవరూ నవ్వలేదు. కుర్రాళ్లంతా జవాబు కోసం అరుంధతి వైపే తిరిగారు. రంగు ఎవరు పూస్తారని అడిగినవాళ్లే ఇన్నాళ్లూ. తుడిచింది ఎవరని అడిగినవాళ్లు లేరు.

“కొంత వాన తుడిచిందమ్మా. మిగిలింది, తెల్లగుంటేనే అందమని, మా చదువుకున్నోళ్లమే రుద్ది తుడిచినం.”

“గట్లెట్ల తుడుస్తరు?” అంది నర్సింహమ్మ.

ఆవిడ కోపం చూసి అరుంధతికి ప్రాణం లేచొచ్చింది. రాసుకొచ్చిన కాగితాలు పక్కన పడేసి, కుర్చీ ముందుకు లాక్కుని, ఎవరెవరు ఎలా తుడిచారో మొదటినుంచీ చెప్పసాగింది.