గంజి పూసిన ఆకు

పందొమ్మిది వందల నలభైల మొదట్లో, నిజాం కాలంలో, నేను హైదరాబాదు నాంపల్లి స్టేషన్ దగ్గర ఒక ఆడపిల్లల బడిలో సైన్సు చెప్పేదాన్ని. పాఠం ఉర్దూలో చెప్పాలి. అర్థం కానివాళ్లకు మళ్లీ తెలుగులో చెప్పేదాన్ని. నాకు ఓపిక తక్కువ, నోరు ఎక్కువ. ఆకుల పాఠం మాత్రం ఇష్టంగా చెప్పేదాన్ని. మనం వదిలే బొగ్గుపులుసు గాలిని ఆకు సన్నటి రంధ్రాల గుండా లోపలికి తీసుకుంటుంది. వేరు పంపిన నీటితో కలిపి, ఎండ బలంతో చక్కెర చేస్తుంది. మిగిలింది పిండిగా దాచుకుంటుంది. “మొజంజాహీ మార్కెట్‌లో మీరు కొనే సీతాఫలం తీపి అంతా గాలిలోంచి వచ్చిందే” అంటే పిల్లలు నవ్వేవాళ్లు. ఒక్క పిల్ల మాత్రం నవ్వకుండా రాసుకునేది.

ఆమె తండ్రి ఆబిడ్స్‌లో బట్టల దుకాణంలో గుమాస్తా. ఆడపిల్లకు ఈ చదువు చాలు అనే ఇల్లు. ఆ ఏడు తనిఖీకి వచ్చే ఇన్‌స్పెక్టరమ్మ ఒక పిల్లను ఎంచి పైచదువుకు సైన్సులో చేర్పిస్తుందని ముందే కబురొచ్చింది. ఈ పిల్లే వెళ్తుందని బడంతా అనుకుంది, నాతో సహా.

తనిఖీలో ఆకులో పిండి ఉందని చూపించడం నా వంతు. ఆకును ఉడికించి, స్పిరిట్‌లో పచ్చదనం పోగొట్టి, అయోడిన్ చుక్క వేస్తే పిండి ఉన్నచోట నల్లటి నీలం తేలుతుంది. బయట ఉంటే మేకలు తినేస్తాయని రెండు రోజుల ముందే మందార కుండీని క్లాసులో పెట్టించాను. రోడ్డు వైపు కిటికీలకు మందపాటి పరదాలు. మగవాళ్ల కళ్లు పడకుండా అవి ఎప్పుడూ దించే ఉండేవి. ఆ చీకటికి నేను ఎంత అలవాటు పడ్డానంటే, అది చీకటని కూడా తోచలేదు.

తనిఖీ రోజు పొద్దున ఒక ఆకు పరీక్షించి చూశాను. నీలం రాలేదు. ఎండ లేక, దాచుకున్న పిండంతా చెట్టు వాడేసుకుంది. అప్పటికే గేటు దగ్గర ఇన్‌స్పెక్టరమ్మ టాంగా ఆగింది. వరండాలో ఆయా బల్లగుడ్డకు గంజి పెడుతోంది. గంజీ పిండే కదా అని కాస్త తెచ్చి, తెల్లబడ్డ ఇంకో ఆకుకు పూశాను. రాస్తుంటే ఇప్పటికీ సిగ్గుతో చెవులు వేడెక్కుతున్నాయి.

చుక్క పడగానే ఆకు నీలమైంది. ఇన్‌స్పెక్టరమ్మ “షాబాష్” అంది. అప్పుడు ఆ పిల్ల లేచింది.

“పంతులమ్మా, గీ కుండీ రెండు దినాల సంది పరదా ఎనకనే ఉన్నది గద. ఎండ లేంది పిండి ఎట్లయితది?”

ఇంత మంచి ప్రశ్న నా నౌకరీ మొత్తంలో ఎవరూ అడగలేదు. నాకు ఒళ్లు మండింది. “కూసో! నాకన్న నీకు ఎక్కువ తెల్సా?” అని అరిచాను. ఎవరీ అమ్మాయి అని ఇన్‌స్పెక్టరమ్మ అడిగితే, పేరు చెప్పి, “పొగరుమోతు, పాఠం వినదు” అని ఉర్దూలో చెప్పాను. ఆమె చేతిలోని కాగితం మీద ఆ పిల్ల పేరు కొట్టేసి, వేరే పేరు రాసుకుంది.

సాయంత్రం ఆ పిల్ల నా దగ్గరకు వచ్చింది. ఏడుస్తుందనుకున్నాను.

“మాఫ్ చెయ్యున్రి పంతులమ్మా. నేనే గలత్ అనుకున్న” అని నోటుబుక్కు చాపింది. ఎండ లేకపోయినా ఆకు పిండి తయారుచేస్తుందని, తాను కళ్లారా చూశానని, పొందికైన అక్షరాలతో రాసుకుంది.

నిజం చెప్పడానికి ఒక్క మాట చాలు. ఎర్రసిరాతో టిక్కు పెట్టి, కింద సంతకం చేశాను.