డిపో వెనుక గల్లీలో ఆగిన పాట

జర దగ్గరికి జరిగి కూర్చోండి. దూరం నుంచి వింటే సగమే అందుతుంది.

మేము ఇబ్రహీంపట్నంలో రోడ్లు ఊడ్చేవాళ్లం. కాంట్రాక్టరు ఇద్దరు ఆడవాళ్లను ఉన్నట్టుండి పనిలోంచి తీసేశాడు. వాళ్లను మళ్లీ తీసుకునేదాకా చీపురు ముట్టేది లేదని సమ్మెలో కూర్చున్నాం. పదకొండో రోజుకు సగం మంది మనసులు ఊగుతున్నాయి. ఆ రోజు టెంటులో మా సమ్మె మీద కట్టిన పాటకథ పాడాలి. అది విన్నాక ఉండేదెవరో, పోయేదెవరో తేలిపోతుందని అందరికీ తెలుసు.

ముందు పాడేది నేను. నా చదువు రెండో తరగతి దాకే, కాగితం చూసి పాడలేను. అందుకే ఒక్కో చరణాన్ని నేను ఊడ్చే ఒక్కో గల్లీలో పెట్టుకున్నాను. మనసులో ఆ దారిన నడిస్తే పాట దానంతటదే వస్తుంది. ఒక్క గల్లీ వదిలితే మాత్రం దారి తప్పినట్టే.

డిపో వెనుక గల్లీలో పెట్టిన చరణం, సమ్మె విడిచి పనికి పోయినవాళ్లను తిట్టేది. నేర్చుకునేటప్పుడు అట్లా పోయినవాళ్లు ఎవరూ లేరు. మా వదిన కూడా నాతో కూర్చుని నవ్వుతూ నేర్చుకుంది. తర్వాత మా అన్న దవాఖానలో పడ్డాడు. అన్నకు తిండి పెట్టడానికి డబ్బుల్లేక వదిన చీపురు పట్టుకుని పనికి పోయింది.

డప్పు మొదలైంది. మూడు చరణాలు బాగానే సాగాయి. తలెత్తి చూస్తే, టెంటు అవతల చెత్తబండి పట్టుకుని వదిన నిలబడి ఉంది. నా పక్కనున్న, మేమంతా పెద్దక్క అని పిలిచే ఆమె కూడా చూసింది.

"గా చరణం గట్టిగ పాడు. సిగ్గు రావాలె," అన్నది నా చెవిలో.

పాడితే వదిన ఇక మా గడప తొక్కదు. పాడకపోతే పాట తెగుతుంది, దానితో మనుషులూ తెగుతారు. మనసులో డిపో దాకా వచ్చి ఆగిపోయాను. వెనుక ఆడవాళ్లు వంత ఆపకుండా అదే మాట తిప్పి తిప్పి పాడుతున్నారు. డప్పు కొట్టే ఆయన నా మొహం చూస్తున్నాడు. ముందు వరుసలో ఇద్దరు లేచి చెప్పులు వెతుక్కుంటున్నారు.

అప్పుడు బయటి నుంచి వదినే ఆ చరణం ఎత్తుకుంది. ఒక్క తిట్టూ మింగకుండా చివరిదాకా పాడింది. వంత వదిలేసి అందరం అటే తిరిగాం.

"వంత ఇయ్యరేందే? గిది నేను మళ్ల పాడాల్నా?" అని గద్దించింది.

అందరం అందుకున్నాం. ఆ తర్వాతి గల్లీ నాకు దానంతటదే దొరికింది. లేచినవాళ్లు కూర్చున్నారు.

పాట అయ్యాక వదిన లోపలికి వచ్చింది. పెద్దక్కే చాప మీద జరిగి చోటిచ్చింది.

"తిట్లు మస్తుగ పాడినవ్, నాకన్న నయం," అన్నది.

వదిన నవ్వలేదు. "రేపటి నుంచి నేనీడ కూసుంట. దవాఖానకు అన్నం ఎవలు పంపుతరు?"

"నేను తీస్కపోత. నీకు ఫికరెందుకు," అన్నది పెద్దక్క.

కాంట్రాక్టరు తీసేసిన ఆ ఇద్దరినీ మళ్లీ పనిలోకి తీసుకోవడానికి ఇంకో తొమ్మిది రోజులు పట్టింది. ఆ తొమ్మిది రోజులూ మా అన్న ఒక్కో ఇంటి కూర తిన్నాడు.

ఓపికగా విన్నారు. కష్టం వచ్చిన పూట మీ ఇంటికి నాలుగు దిక్కుల నుంచీ గిన్నెలు రావాలి. మీ పిల్లాజెల్లా చల్లగుండాలి.