చెప్పులు ఎక్కడ పెడతారు?

అనంతపురంలో పుట్టిన మనిషికి వరదలతో ఏం పనమ్మా అని సత్యవాణిని చుట్టాలంతా ఆటపట్టిస్తారు. పట్టించనివ్వండి! ఇప్పుడు తానుండే పరాయిదేశపు పేట బుకిట్ పంజాంగ్‌లో నాలుగు చినుకులు గట్టిగా పడితే చాలు, ఆవిడ గొడుగు తీసుకుని కాలవ గట్టుకి బయల్దేరుతుంది. నీళ్లు పొంగితే ఎవరు భయపడతారు, ఎవరు పడరు, ఎందుకు పడరు, దాన్నిబట్టి ప్రభుత్వం ఏం చెయ్యాలి? పదకొండేళ్లుగా యూనివర్సిటీలో ఆవిడ చదువూ, ఉద్యోగమూ, పిచ్చీ అదే.

అంతటి మనిషికి మొన్న జూన్‌లో గట్టి దెబ్బే తగిలింది. కాలవ పక్కన మనవాళ్లుండే కార్మికుల డార్మిటరీలో రెండువందల పన్నెండు మందికి ప్రశ్నల కాగితాలు పంచింది. తెలుగులోనే వేయించింది. వాననీళ్లు గదిలోకి వస్తాయని మీకు భయం ఉందా? అందరూ, ఒక్కరు తప్పకుండా, ఒకే గడిలో టిక్కు పెట్టారు. లేదు.

"భయం లేదంటున్నారుగా, అదే రాసేద్దాం," అన్నారు ప్రాజెక్టు పెద్ద కృష్ణమూర్తి గారు. "వరద హెచ్చరికలు ముందుగా ఫోన్లకి పంపే చోట్ల జాబితాలోంచి ఆ డార్మిటరీ తీసేద్దాం. వచ్చే శుక్రవారమే కమిటీ."

"ఆదివారం ఒకసారి పోయొస్తాను సార్. నాకు మనసొప్పడం లేదు."

వెళ్లింది. వంటగదిలో చేపల పులుసు కలుపుతున్న ఏసుబాబుని పట్టుకుంది. కోనసీమ లంకలో పుట్టి, తొమ్మిదేళ్లుగా ఇక్కడి షిప్‌యార్డులో వెల్డింగు చేస్తున్న మనిషి.

"ఏం ఏసుబాబూ, నిజంగానే భయం లేదా?"

"ఆయ్, అదేంటంటేనండీ," అని అతను నీళ్లు నమిలాడు. "పొద్దున్నే పనిలోకెళ్లే ముందు సేఫ్టీ కాగితం ఒకటిస్తారండి. కళ్లు తిరుగుతున్నాయా? లేదు. నీరసమా? లేదు. ఒక్కదానికి ఉందని పెట్టామా, ఆ పూటకి పక్కన కూర్చోబెట్టేస్తారండి. మీదీ అలాంటిదే అనుకుని లేదు, లేదని కొట్టేశామండి."

సత్యవాణికి తల కొట్టేసినట్టయింది. ఇంత చదువూ చదివి, ఆ ముక్క తట్టలేదే!

"మరి నువ్వైతే ఏమడుగుతావు?"

ఏసుబాబు గరిటె పక్కన పెట్టి ఆలోచించాడు. "భయం ఊసెత్తకండి, ఎవడూ చెప్పడు. మబ్బు పట్టినప్పుడు చెప్పులెక్కడ పెడతావని అడగండి. గోదారి పెరుగుతుందంటే మా ఇంట్లో ముందు కదిలేవి అవేనండి."

ఆ రోజంతా ఆవిడ మంచం మంచానికీ తిరిగి ఆ ఒక్క ప్రశ్నే అడిగింది. పై మంచం మీదండి. బీరువా మీదండి. కిటికీ ఊచకి కడతానండి. ఎందుకయ్యా అంటే, మార్చిలో నీళ్లు మడమల దాకా వచ్చాయి కదండీ! రెండువందల పన్నెండు మందిలో నూట తొంభైమంది చెప్పులు నేలమీద ఉంచరు.

శుక్రవారం కమిటీలో ఒక పెద్దమనిషి నవ్వాడు. చెప్పులకీ వరదకీ ఏం సంబంధం అన్నాడు. సత్యవాణికి ఒళ్లు మండింది.

"భయం లేనివాడు చెప్పుల్ని మంచమెక్కించడు సార్," అంది.

మరెవరూ నవ్వలేదు. డార్మిటరీ జాబితాలో నిలిచింది. పైగా ఇకమీదట ఊరంతటా వేసే కాగితాల్లో ఆ ప్రశ్నే మొదట ఉండాలని కృష్ణమూర్తి గారే పట్టుబట్టారు. తను రాసిన పుస్తకాలు చూసుకున్నప్పుడు కూడా సత్యవాణికి అంత గర్వం కలగలేదు.

సెప్టెంబరులో కొత్త కాగితాలు పట్టుకుని డార్మిటరీకి ఆవిడే వెళ్లింది. ఏసుబాబు మొదటి ప్రశ్న వేలు పెట్టి చదివాడు. మళ్లీ చదివాడు. "ఒరేయ్, ఇటు రండ్రా! ఇది నా ప్రశ్నరా!" అని హాలంతా అదిరేలా కేకేశాడు.

రెండో ప్రశ్న పాతదే. భయం ఉందా? ఏసుబాబు ఈసారి ఉంది అన్న గడిలో టిక్కు పెట్టాడు. పేరు రాయక్కర్లేదని సత్యవాణి చెబుతున్నా వినకుండా, కింద పెద్ద అక్షరాలతో ఇంటిపేరుతో సహా రాసిచ్చాడు.