పట్టు షెడ్డులో సాంబ్రాణి

హిందూపురం చింతపండు మండీల వీధిలో లాల్‌సాబ్ కనిపించకముందే ఆయన వస్తున్నట్టు తెలిసిపోతుంది. ముందు సాంబ్రాణి వాసన మలుపు తిరుగుతుంది. దాని వెనక ఎడమచేతిలో నిప్పులున్న ఇత్తడి బుడ్డి, కుడిచేతిలో నెమలీకల కట్ట, భుజానికి బొగ్గుల సంచితో ఆయన వస్తాడు. మంగళవారం, శుక్రవారం, ముప్పై నాలుగేళ్లుగా ఇదే వరస. ఆయన గడప ముందు నిలబడి పెదవులు కదిపి రెండుసార్లు ఈకలు విసిరితే, ఎంత బేరంలో ఉన్నవాడైనా కాటా వదిలి రెండు చేతులతో పొగను మొహానికి తీసుకుంటాడు. కిరాణా కొట్టుకీ అది కావాలి, మందుల షాపుకీ కావాలి, సెల్‌ఫోన్లు అమ్మేవాళ్లకీ కావాలి.

అయినవాళ్లలో ఆయన పొగ వేయని ఇల్లు ఒక్కటే. అది కూతురు అర్షియాది.

అర్షియా బడికి పోయే రోజుల్లో పక్క పిల్లలు ముక్కులు ఎగబీల్చి, "సాంబ్రాణి వచ్చిందే" అని నవ్వేవాళ్లు. ఎంత ఉతికినా ఆమె యూనిఫాం లోంచి ఆ వాసన పోయేది కాదు. పెండ్లినాడు, చుట్టాల మధ్యకు బుడ్డి పట్టుకుని బయలుదేరిన తండ్రిని వంటల చాటున ఆపి, "ఈ ఒక్క పొద్దు వద్దులే నాయనా" అంది. మెల్లగానే అంది. ఆయనా మెల్లగానే సరేనన్నాడు. నిప్పుల మీద చెంబెడు నీళ్లు పోసి, బుడ్డిని గిన్నెల వెనక పెట్టేశాడు. ఆరేళ్లయింది. ఆ మాట మళ్లీ ఇద్దరి మధ్యా రాలేదు.

ఈ ఏడు రంజాన్ అయిన రెండో వారంలో అల్లుడు ఆరిఫ్ ఫోన్ చేశాడు.

"మామా, ఎప్పుడొచ్చినా పొద్దున్నే వచ్చి మాపటి బస్సుకు పోతావు. ఈ తూరి రెండు దినాలు ఉండల్ల. పురుగు బాగొచ్చింది. అత్తను పిల్చుకోని రా."

పెనుకొండ దాటి, ధర్మవరం పోయే రోడ్డులో దిగి, ఆటోలో కొండల్లోకి పోతే వాళ్ల పల్లె. రెండెకరాల మల్బరీ తోట, రేకుల షెడ్డులో పట్టు పురుగుల పెంపకం. పోయిన రెండు పంటలూ గూళ్లు కట్టకముందే రోగం తగిలి పోయాయి. ఇది కూడా పోతే తోటకు దండం పెట్టి బెంగళూరులో కారు తోలే పనికి పోతానని ఆరిఫ్ అంటున్నాడట. ఆ మాట అర్షియా తన తల్లి మైమూనా చెవిన వేసింది. ఆమె లాల్‌సాబ్‌కు చెప్పింది.

శుక్రవారం పొగ ముగించుకుని, శనివారం పొద్దున బయలుదేరే ముందు లాల్‌సాబ్ బుడ్డిని పాత లుంగీలో చుట్టి సంచి అడుగున పెట్టాడు. మైమూనా చూడనే చూసింది.

"దాన్నెందుకు? రెండో పెండ్లాం మాదిరి యాడికి పోయినా వెంటేసుకోని పోతావే?"

"ఉండనీలే. బరువా ఏమన్నా?"

"బిడ్డకు ఇష్టం ల్యాదని తెలుసు కదా."

"తీసేది ల్యా, చేసేది ల్యా. ఊరికే ఉంటాది."

ఆ మాట అన్నప్పుడు ఆయన నిజంగానే అన్నాడు.

ఆటో కొండ మలుపు తిరిగేసరికి గాలి మారింది. కానుగ చెట్లు లేతాకు వేసి, నేల మీద తెల్లగా పూత రాల్చి ఉన్నాయి. గుట్టల పైదంతా ఎండి రాగిరంగుకు తిరిగినా, వాలులో ఆరిఫ్ తోట పచ్చగా నిగనిగలాడుతోంది. మనవరాలు షహీన్, అయిదేళ్ల పిల్ల, ఎదురు పరుగెత్తుకొచ్చింది. మల్బరీ పళ్లు తిని దాని నోరూ చేతులూ గౌనూ ఊదారంగయ్యాయి.

షెడ్డు గడప దగ్గర సున్నపు నీళ్ల తొట్టి ఉంది. అందులో కాళ్లు తడిపి లోపలికి పోవాలి. ఆరిఫ్ మొహమాటంగా నవ్వాడు. "మామా, ఏమనుకోవద్దు. అత్తరు పూసుకున్నోళ్లను, బీడీ తాగేటోళ్లను లోపలికి రానియ్యం. మా నాయన్నే రానియ్యను."

లాల్‌సాబ్ ఏమీ అనుకోలేదు. తొట్టి దగ్గర సబ్బు అడిగి చెవుల వెనకా మణికట్ల మీదా అత్తరు పోయేదాకా రుద్ది కడుక్కున్నాడు. ఎవరి గడపకు ఏ నియమం ఉందో దాన్ని పాటించడం ఆయనకు అలవాటే.

లోపల అరల మీద వేలాది పురుగులు. నాలుగో జ్వరం దాటిన అయిదో దినమని చెప్పింది అర్షియా. పొర విడిచే ముందు అవి మేత మాని కదలకుండా పడుకోవడాన్ని జ్వరం అంటారు. ఇంక రెండు దినాల్లో పండి గూళ్లు కడతాయి. ఆమె మల్బరీ కొమ్మలు పరవగానే షెడ్డంతా రేకుల మీద చినుకులు పడ్డట్టు చప్పుడయింది. అంతా మేత చప్పుడే. లాల్‌సాబ్ కూతురి మొహం చూశాడు. ఆమె కళ్లు సగం మూసుకుని ఆ చప్పుడు వింటోంది. చిన్నప్పుడు పండగ పొద్దున ఇట్లా ఉండేది.

సాయంత్రం పై పొలం ఉలిగప్ప వచ్చాడు. టమోటా రైతు. వేసవిలో ఆరిఫ్ బోరు ఎండితే తన బోరునుంచి పైపు వేసి మల్బరీకి నీళ్లిచ్చేవాడు. గడప దాటకుండా కిటికీ వల లోంచి తొంగిచూశాడు.

"ఓరి నీ పాసుగాల! పురుగులా, ఏనుగు పిల్లలా ఇవి? ఏం పెడతాండావబ్బా, అరిటిపండ్లా?"

"నీ టమోటాలు పెడతాండానన్నా. రాత్రిళ్లు వచ్చి దొంగలించుకోని పోతా."

"అదీ, అందుకే నాకు కాయ తక్కువొస్తాండాది!"

ఉలిగప్ప నవ్వుకుంటూ కొండెక్కి పోయాడు. అతను కనుమరుగయ్యాక అర్షియా తనలో తానన్నట్టు, "మంచోడే. అయినా వచ్చిన ప్రతోళ్లూ ఇదే మాటంటాండారు. ఎవరి కండ్లు పడ్తాయో ఏమో" అంది.

ముప్పై నాలుగేళ్లుగా జనం దిష్టి తీయమని లాల్‌సాబ్‌ను పిలిచేది ఆ మాటతోనే. కూతురి నోట అది ఆయన వినడం అదే మొదలు. ఇంక ఆయనకు అన్నం సరిగ్గా పోలేదు.

ఆదివారం మధ్యాహ్నం మేత వేశాక, అందరూ కొండ మీది చింతతోపుకు పోయి నీడన భోంచేద్దామనుకున్నారు. ఎర్రమాంసం కూర, ఉద్దిపప్పు వడలు, పెరుగన్నం గిన్నెలకెత్తారు. లాల్‌సాబ్ మోకాలు పట్టిందన్నాడు. "మీరు పోండి. నేను ఈడ మంచంమీద నడుం వాలుస్తా." షహీన్ ఆయన చెయ్యి పట్టుకుని గుంజింది. మైమూనా ఒక్కసారి సంచి వైపు, ఒక్కసారి ఆయన వైపు చూసింది. పిల్ల ఏడుస్తుంటే ఎత్తుకుని వెళ్లిపోయింది.

వాళ్ల మాటలు వినపడకుండా పోయాక ఆయన లేచాడు. వంటింటి పొయ్యిలోంచి నిప్పులు తీసుకున్నాడు. సున్నపు నీళ్లలో కాళ్లు తడిపాడు. చేతులు కడుక్కున్నాడు. ఏ నియమమూ తప్పలేదు. అల్లుడు కూడదన్నది అత్తరు వాసన, బీడీ వాసన. సాంబ్రాణి ఆయన లెక్కలో వాసన కాదు. నమాజుకు ముందు కడుక్కునే నీళ్లు ఎట్లాగో అదీ అట్లాగే. ఎండకు గోనెపట్టాల తెరలు దించి ఉన్నాయి. అవి ఎత్తితే పొగ నిలవదని వాటి జోలికి పోలేదు. అరల మధ్య మెల్లగా నడుస్తూ, బయటి గడపలకు వేసేదానికంటే రెండింతలు వేశాడు. మూల మూలకూ వేశాడు. ఆయనకు తెలిసిన దువాలన్నీ చదివాడు.

పొగ తగిలేసరికి పురుగులు మేత ఆపి తలలెత్తాయి. ఒక అరలో, పక్క అరలో, ఆ వెనక అరలో, వేల తలలు ఒక్కసారిగా లేచి అట్లాగే నిలబడ్డాయి. మండీలో పెద్దమనుషులు కూడా అంత మర్యాదగా ఆయన పొగను తీసుకోలేదు. ఆయన కళ్లు తడిశాయి.

నాలుగు గంటలకు అందరికంటే ముందు అర్షియా ఒక్కతే దిగొచ్చింది, సాయంత్రం మేతకు. ఆరిఫ్ అటునుంచి అటే కింది మడిలో కొమ్మలు కోయడానికి పోయాడు. షెడ్డు తలుపు తీసిన అర్షియా గడప మీదే నిలబడిపోయింది. ఆ వాసన ఆమె పెండ్లయ్యేదాకా ఒంటిమీద మోసింది. ఇంకెవరైనా దేనితోనైనా పొరబడతారేమో, ఆమె పొరబడదు. పొద్దున కోసిన కొమ్మలు కొన్ని పరిచి చూసింది. చినుకుల చప్పుడు రాలేదు. పురుగులు తలలెత్తి ఊగుతున్నాయి. కొన్ని నోట్లోంచి పచ్చటి నీళ్లు కక్కుతున్నాయి.

బయట మంచం మీద కూర్చున్న తండ్రి వైపు ఆమె తిరిగి చూడలేదు. తెరలన్నీ పైకి ఎత్తేసింది. చీపురు తెచ్చింది, సున్నం చల్లింది, చాటతో విసిరింది. లాల్‌సాబ్ లేచి గడప దాకా వచ్చాడు.

"ఏమైంది మ్మే?"

"ఏం ల్యా. నువ్వు లోపలికి రావద్దు."

ఆరిఫ్ కొమ్మల మోపుతో వచ్చేసరికి గాలి ఆడుతోంది, సున్నం వాసన తప్ప ఇంకేమీ లేదు. అతను ఒక పురుగును అరచేతిలోకి తీసుకున్నాడు. "మందు తగిలింది" అన్నాడు. తలెత్తి కొండ వైపు చూశాడు. "ఇది మందే. యాడిది?"

పై పొలంలో ఉలిగప్ప వీపున స్ప్రే ట్యాంకు తగిలించుకుని టమోటా సాళ్లలో నడుస్తున్నాడు.

లాల్‌సాబ్ నోరు తెరిచాడు. అర్షియా ఆయన కంటే ముందు మాట్లాడింది. "ఆ పక్కనుంచే వాసనొచ్చింది. నేను వచ్చేసరికి ఒకటే ఘాటు. అందుకే తెరలెత్తినా."

ఆరిఫ్ కొండెక్కాడు. మాటలు వినపడలేదు గానీ చేతులు ఊగడం కనపడింది. ఉలిగప్ప ట్యాంకు దించి, మూత తీసి, లోపలి నీళ్లు దోసిట పట్టి చూపిస్తున్నాడు. లాల్‌సాబ్ రెండడుగులు వేశాడు. అర్షియా అడ్డం నిలిచింది. "నాయనా, నీకు దండం పెడ్తా. ఆ మనిషి పరాయోడు, ఎట్లయినా సర్దుకుంటాడు. నువ్వు చేసినావని తెలిస్తే ఈ ఇంట్లో నేను తలెత్తుకోని తిరిగేదెట్ల?"

మరుసటి పొద్దున ఆటో దగ్గర ఆమె సంచి తెచ్చిచ్చింది. లుంగీ మూట విప్పి చూస్తే ఇత్తడి బుడ్డి తళతళ మెరుస్తోంది. అడుగున ఏళ్లుగా పట్టిన మసి కూడా లేదు. చింతపండు వేసి తోమింది.

"నాకు తెలీదు మ్మే" అన్నాడు లాల్‌సాబ్.

"నీకు తెలీదని నాకు తెలుసు" అంది అర్షియా. ఆటో కదిలేదాకా షహీన్ జుట్టు సర్దుతూనే ఉంది. మైమూనా బస్సులో హిందూపురం దాకా కిటికీ వైపే తిరిగి కూర్చుంది. ఆమె నోటి నుంచి ఏదో ఒక తిట్టు వస్తే బాగుండునని ఆయన దారంతా చూశాడు.

మూడో వంతు కూడా గూళ్లు కట్టలేదని ఆ వారమే తెలిసింది.

మే మొదటి శుక్రవారం. కూరగాయల మార్కెట్టు గేటు దగ్గర లాల్‌సాబ్ పొగ వేస్తుండగా ఎవరో పిలిచారు. "సాయిబన్నా!"

ఉలిగప్ప. టమోటా బాక్సులు ఎత్తిన చిన్న ట్రాలీ పక్కన నిలబడి ఉన్నాడు. దగ్గరికి వచ్చి, అందరిలాగే తల వంచి పొగను కళ్లకద్దుకున్నాడు.

"నీ అల్లుడు నాతో మాట్లాడేది ల్యా అన్నా. ఆ పొద్దు నేను కొట్టింది వేపనూనె. ట్యాంకు మూత తీసి చూపించినా కూడా నమ్మల్యా. నేను నీళ్లు ఆపల్యా, వాడే పైపు పీకి చుట్టి నా గట్టున పడేసిపోయినాడు. మల్బరీ ఎండిపోతాండాది. చూసేకి బాధైతాది. బెంగళూరు పోతాడంట గదా వచ్చే వారం?"

"ఆ... అంటాండారు."

"నువ్వు ఆ పొద్దు ఆడే మంచంమీద ఉండావు. గాలి ఎట్ల తోల్తాండెనో నీకు తెలుసు. కింది నుంచి పైకి తోల్తాండె. అవునా, కాదా?"

"అవును."

"ఆ ఒక్క మాట నీ అల్లునికి చెప్పన్నా. పెద్దమనిషివి, నీ మాట తీసేయడు."

లాల్‌సాబ్ బుడ్డిని మార్కెట్టు అరుగు మీద పెట్టి ఫోన్ తీశాడు. ఆరిఫ్ నంబరుకు చేస్తే అర్షియా ఎత్తింది. "నాయనా? ఏం గలాటా అది, బజారులో ఉండావా?"

"ఆ. పొగ వేస్తాండా." అన్నాడు లాల్‌సాబ్. "ఆరిఫ్ ఉండాడా?"

"ఈడే ఉండాడు. బట్టలు సర్దుకుంటాండాడు." ఆమె గొంతు తగ్గింది. "ఇయ్యల్నా?"

ఎదురుగా ఉలిగప్ప చేతులు కట్టుకుని ఆశగా చూస్తున్నాడు. లాల్‌సాబ్‌కు కూతురి ఊపిరి వినపడుతోంది.

"వద్దులే మ్మే" అన్నాడు. "ఊరికే చేసినా. బాగుండారా అని."

ఫోన్ జేబులో పెట్టుకున్నాడు. ఉలిగప్ప మొహంలోకి చూడలేక వంగి, బుడ్డిలో నిప్పులు కెలికాడు.

"పనిలో ఉండాడేమో. మాపటికి చెప్దువులే అన్నా" అన్నాడు ఉలిగప్ప. ట్రాలీ మీద చెయ్యి వేశాడు. "ఈ తూరి కాయ బాగొచ్చింది. దోవంతా చూసినోళ్లు చూసినట్లే ఉండారు. దీనికీ కొంచెం పొగ వెయ్యి."

లాల్‌సాబ్ చిటికెడు సాంబ్రాణి నిప్పుల మీద వేశాడు. టమోటా బాక్సుల చుట్టూ తిరిగాడు, ఒకసారి, రెండోసారి. మూడోసారి తిరుగుతుంటే దువా మధ్యలో ఎక్కడ ఆపాడో గుర్తు రాలేదు. పెదవులు మాత్రం కదుపుతూ, ఆ మనిషి చాలన్నదాకా విసురుతూనే ఉన్నాడు.