నలభై ఒక్క కిలోల కొసరు

విమానాలు తయారుచేసే చోట కొసరు అడిగిన మొదటి మనిషిని నేనే అయ్యుంటాను. అడగడమే కాదు, సాధించాను. ఎనిమిది మంది కూర్చునే బిజినెస్ జెట్‌లోకి నలభై ఒక్క కిలోల సామాను ఉచితంగా తెచ్చాను. ఖర్చు మిగిల్చానని కంపెనీ నాకు షీల్డ్ కూడా ఇచ్చింది.

మాది తెనాలిలో కిరాణా కొట్టు. ఇటుపక్క పెదనాన్న బట్టల కొట్టు, అటుపక్క మేనమామ స్టీలు సామాన్ల కొట్టు. బేరం ముగిశాక కొసరు అడగని మనిషిని మా నాన్న మనిషి కింద లెక్కవేసేవాడు కాదు. అలాగని ఆయన ఇచ్చే కొసరు మంచి సరుకూ కాదు. పురుగు పట్టబోతున్న కందిపప్పో, ఎవరూ కొనని సబ్బో పొట్లంలో పడేసేవాడు. ఈ రెండో సంగతి నేను కళ్లారా చూస్తూ పెరిగాను. అవసరమైన రోజున మాత్రం గుర్తు రాలేదు.

ఇప్పుడు ఉండేది కెనడాలో. కిచెనర్ ఊళ్లో ఇల్లు, పక్క ఊరు గ్వెల్ఫ్ దాటాక విమానాల కంపెనీ ఆఫీసు. కేబిన్ లోపలికి కావలసిన సీట్లు, అల్మరాలు, చిన్న వంటగది కొనడం నా పని. మా విమానానికి కొత్త రెక్కలు, నడుం వంచకుండా నడవగలిగే కేబిన్, చదునైన నేల ఉన్నాయి. కొనేవాళ్లు అవన్నీ తల ఊపుతూ విని ఒక్కటే అడిగేవారు. చలికాలపు ఎదురుగాలిలో, ఎనిమిది మందితో, దేశం ఈ చివరి హాలిఫాక్స్ నుంచి ఆ చివరి వాంకూవర్ దాకా ఎక్కడా దిగకుండా వెళ్తుందా? వెళ్తుందని కంపెనీ మాట ఇచ్చింది.

ఆ మాట నిలబెట్టాల్సింది బరువుల లెక్క చూసే ఒక కాకినాడ పెద్దాయన. ఇక్కడ బిగింపులు సన్నం చేయించి, అక్కడ వైర్లు పొట్టి చేయించి, రెండేళ్లపాటు గ్రాములు తగ్గిస్తూ కూర్చున్నారు. మొదటి విమానాన్ని కస్టమర్‌కి అప్పగించే రోజున భార్యను తీసుకొచ్చి చూపించి, ఆ మర్నాడే రిటైర్ కావాలని ఆయన కోరిక. మధ్యాహ్నం మా ఇద్దరిదీ ఒకే బల్ల. ఆవిడ చేసిన గోంగూర పచ్చడిలో నాకూ వాటా ఉండేది.

ఒకరోజు ఆ బల్ల దగ్గరే కాగితం ఆయన ముందు పెట్టాను.

"అంకుల్, వంటగది సప్లయర్ మెడలు వంచాను. ఓవెన్, రెండు ఎక్స్‌ట్రా సొరుగులు, అసలైన చెక్క తలుపులు. అన్నీ ఫ్రీ. సైన్ చేసేయండి."

"ఆఫీసులో అంకుల్ అనకని ఎన్నిసార్లు చెప్పాలయ్యా. బరువెంత?"

"ఫ్రీ అండీ."

"నేను బరువు అడుగుతుంటే ఫ్రీ అంటావేంటి? ఇంత బరువుకి మించి పైకి లేవకూడదని గీత గీసేశారు. నువ్వు చెక్క ఎక్కిస్తే నేను ఫ్యూయల్ దింపాలి. ఫ్యూయల్ దింపితే వాంకూవర్ ఏమన్నా నీ కోసం ఇటు జరుగుతుందా?"

"తేలిక చేసి ఇస్తానన్నాడండీ. ఈ వారం దాటితే ఆఫర్ పోతుంది."

"నీ మాట మీద సంతకం పెడుతున్నా మరి."

సప్లయర్ తేలిక చేస్తానని అనలేదు. చూద్దాం అన్నాడు. చూద్దాం అంటే ఏమిటో కొట్లో పుట్టినవాడికి వేరే చెప్పాలా?

సామాను వచ్చింది. తూకం వేస్తే అనుకున్నదానికన్నా నలభై ఒక్క కిలోలు ఎక్కువ. అది వాళ్లు తయారీ ఆపేస్తున్న పాత మోడల్. గోడౌన్ ఖాళీ చేసుకున్నారు. మా నాన్న ఊరందరికీ చేసిన పని నాకు ఒంటారియోలో జరిగింది. దాన్ని పీకి వేరేది పెట్టాలంటే పరీక్షలు మళ్లీ మొదటి నుంచి. అంత వ్యవధి లేదు. ఎదురుగాలి లెక్క వేస్తే ఎనిమిది మందికి ఫ్యూయల్ చాలలేదు. ఒకరిని దింపక తప్పదని తేలింది.

మీటింగులో ప్రోగ్రామ్ హెడ్ ఆ కాగితం ఎత్తి చూపి, ఈ బరువుకి ఎవరు ఒప్పుకున్నారని అడిగాడు. దాని మీద ఒక్కటే సంతకం ఉంది. పెద్దాయన ఒకసారి నా వైపు చూశారు. ఆ నెలలోనే నా ప్రమోషన్ తేలాల్సి ఉంది. నేను చక్కెర వేయని కాఫీని శ్రద్ధగా కలిపాను.

"సంతకం నాదే," అన్నారాయన.

రెండు వారాల్లో ఆయన్ని పాత విమానాల విడిభాగాల విభాగానికి మార్చారు. అక్కడి నుంచే రిటైర్ అయ్యారు. మొదటి విమానం అప్పగించిన రోజు పిలిచినవాళ్ల జాబితాలో ఆయన పేరు లేదు. నా పేరు ఉంది. వెళ్లాను, కేక్ తిన్నాను. కొన్నాళ్లకు వాళ్లింటికి ఫోన్ చేస్తే ఆవిడ తీశారు.

"ఆయన వాకింగ్‌కి వెళ్లారు బాబూ."

బయట చలి మైనస్ ఇరవై రెండు డిగ్రీలు.

ఇక నాన్న ముందు కూర్చున్నట్టు లెక్క చెప్పేస్తాను. వచ్చినవి: ఓవెన్, రెండు సొరుగులు, చెక్క తలుపులు, ఒక షీల్డ్, ఒక ప్రమోషన్. పోయినవి: శీతాకాలంలో ఎనిమిదో సీటు, ఒక మనిషి రెండేళ్లపాటు తగ్గించిన గ్రాములు, భార్యకు చూపిస్తానన్న విమానం, మా లంచ్ బల్ల. నలభై ఒక్క కిలోలూ నావే. ఆ మాట మీటింగులో చెప్పి ఉంటే విమానం బరువు ఒక్క గ్రాము కూడా పెరిగేది కాదు.