ముందు మేక, తర్వాత రాక్షసుడు

మా మామయ్య పోయారన్న కబురు వచ్చినప్పుడు నేను సిరిసిల్లలో మా అమ్మగారింట్లో ఉన్నాను. ఫోన్ చేసింది అత్తమ్మ. "మీ మామ పోయిండు బిడ్డా. చాయ్ తాగి గిలాస కింద పెట్టిండు, గంతే," అంది. ఏ పనైనా ఒక మాట చెప్పకుండా చేసే మనిషి, ఇది కూడా అలాగే చేశాడన్న కోపం ఆమె గొంతులో వినిపించింది.

మామయ్య సారంగాపూర్ దగ్గర పల్లెలో నలభై ఏళ్ళు తాటిచెట్లెక్కి కల్లు గీశారు. మోకాళ్ళు మొరాయించాక కోరుట్లలో మా ఇంటికి వచ్చేశారు. నా ఉద్యోగం వీడియో గేములు ఆడి, అవి బాగున్నాయో లేదో ఒక వెబ్‌సైట్‌కు తెలుగులో రాయడం. పెళ్ళిమాటలప్పుడు మా నాన్న దాన్ని కంప్యూటర్ పని అని చెప్పి గండం దాటించాడు. పెళ్ళయిన వారానికి నేను టీవీ ముందు కూర్చుని, తెరమీద కత్తితో ఒక పెద్ద పామును నరుకుతుంటే మామయ్య గడపలో నిలబడి చూశారు. మూడు రోజులు అక్కడినుంచే చూశారు. నాలుగో రోజు కుర్చీ తెచ్చి నా పక్కన వేసుకున్నారు.

"గిదేనా నీ డ్యూటీ?"

అవునన్నాను.

"మరి పాము ఇంక సావలేదు గద. కానియ్యి."

అలా ఆ గేములోని వీరుడు రాక్షసరాజును చంపేదాకా నలభై రోజులు కుర్చీ కదలలేదు. రెండేళ్ళకు ఆ గేముకు రెండో భాగం వచ్చింది. అందరికంటే ముందు ఆడి రాయమని మా ఎడిటర్ నాకు పంపాడు. గడువు వారం. నాకంటే మామయ్యే ఎక్కువ ఎదురుచూశారు, పాత కథ గుర్తున్నదీ ఆయనకే.

మొదలవగానే వీరుడు సముద్రం ఒడ్డున వట్టి చేతులతో లేచాడు. కత్తి పట్టడం కూడా మొదటినుంచి నేర్చుకుంటున్నాడు.

"మొన్ననే గద గంత పెద్ద రాక్షసుని సంపిండు. గప్పుడే మర్చిపోయిండా?" అన్నారు మామయ్య. రెండో భాగాలన్నీ ఇలాగే ఉంటాయని, కొత్తగా ఆడేవాళ్ళ కోసమని సర్దిచెప్పాను. ఆయన ఒప్పుకోలేదు. చెట్టు మారినంత మాత్రాన తానెప్పుడూ గీత మర్చిపోలేదన్నారు.

ఆ తర్వాత మేక వచ్చింది. గేములో ఒక ముసలమ్మ తన మేక తప్పిపోయిందని ఏడుస్తుంది. ఇలాంటి చిల్లర పనులు వదిలేసి అసలు కథ పట్టుకుపోతేనే నాకు గడువులోపల తెములుతుంది. మామయ్య నా చెయ్యి ఆపారు.

"ముందు మేకను సూడు. రాక్షసుడు యాడికి పోతడు? మేక పోతది."

ఆ మధ్యాహ్నమంతా మేకను వెతికాం. అది దొరికాక ఒకాయన నాగలి, ఇంకొకాయన అలిగిపోయిన అల్లుడు. మూడో రోజు ఎడిటర్ ఫోన్ చేసి ఎంతవరకు వచ్చిందని అడిగితే, మేక దొరికిందని మాత్రం చెప్పగలిగాను. ఇంక నాలుగే రోజులున్నాయని చెప్పి పెట్టేశాడు.

భయంతో ఆ సాయంత్రమే సమీక్ష రాసేశాను. అద్భుత ప్రపంచం, ఊపిరి సలపని పోరాటాలు అంటూ కంపెనీవాళ్ళు పంపిన కాగితంలోని మాటలే అటూ ఇటూ మార్చి నింపాను. మామయ్యకు చదివి వినిపించాను. కళ్ళు మూసుకుని విన్నారు.

"గిది నువ్వు సూసింది కాదు బిడ్డా. ఆళ్ళు డబ్బా అట్టమీద రాసుకున్నది."

నాకు ఒళ్ళు మండింది. అయితే మీరే ఆడండని రిమోట్ ఆయన ఒళ్ళో పెట్టాను. అప్పుడు వీరుడు ఒక ఎత్తైన బురుజు కింద ఉన్నాడు. దాన్ని ఎక్కబోయి నేను అప్పటికే నాలుగుసార్లు పడ్డాను. ఎక్కడం చెత్తగా ఉందని నోట్సులో రాసుకున్నాను కూడా. మామయ్య ముందుగా, నడుముకు మోకు లేకుండా ఎక్కమన్నవాడెవడని కంపెనీని తిట్టారు. తర్వాత ఏ మీట దేనికో అడిగి తెలుసుకున్నారు. రాయి రాయికీ ఆగి, వీరుడి ఆయాసం తీరేదాకా కూర్చుని, మళ్ళీ ఒక అడుగు. అత్తమ్మ రెండుసార్లు అన్నానికి పిలిచింది. ముప్పావుగంటకు పైకి చేరారు, ఒక్కసారి కూడా పడకుండా.

పైన నిలబడి నెమ్మదిగా నాలుగు దిక్కులూ చూశారు. వెనకవైపు ఒక చిన్న గూడు కనిపించింది. అందులో మొదటి భాగంలో వీరుడు వాడిన కత్తి ఉంది. పరుగెత్తే నా కంట అది ఏనాటికీ పడేది కాదు.

"మర్చిపోలే. పైన దాసుకున్నడు," అన్నారు మామయ్య, సొంత కొడుకు పరీక్ష పాసైనట్టు.

మీరెప్పుడైనా పడ్డారా అని అప్పుడు అడిగాను. ఒక్కసారి పడ్డారట. రెండు వారాలు మంచంలో ఉండి, పదిహేనో రోజు అదే చెట్టు ఎక్కారట. "ఎక్కకపోతే భయం మనింట్లనే మంచమేసుకుంటది," అన్నారు.

సమీక్ష చెరిపేసి మళ్ళీ రాశాను. ఇది నిదానంగా ఎక్కేవాళ్ళ గేము అని, పదికి ఏడు వేశాను. గుర్రం ఒక్కసారీ నీళ్ళు తాగదు కనుక ఇంకో అరమార్కు కొయ్యాలని మామయ్య పట్టుబట్టారు. ఆరున్నర దగ్గర ఆగాం. కత్తి ఎక్కడుందో చెప్పినందుకు చాలామంది పాఠకులు కృతజ్ఞతలు రాశారు. కనిపెట్టింది మా ఇంటి పెద్దాయన అని జవాబిచ్చాను. ఆ ఒక్క వాక్యం మామయ్య నాచేత నాలుగుసార్లు చదివించుకున్నారు. అప్పటినుంచి నేను అట్టమీది మాటలు రాయలేదు. అవి చేతికి వచ్చిన ప్రతిసారీ పక్క కుర్చీ చూసి ఆగిపోయేదాన్ని.

చివరిసారి ఆయన్ని చూసింది కోరుట్ల బస్టాండులో. నన్ను సిరిసిల్ల బస్సెక్కించడానికి వచ్చి, నా కోడలు ఆటలకు మార్కులేసే కొలువు చేస్తదని కండక్టర్‌కు చెప్పారు. నేను పీఈటీ టీచర్ననుకుని, ఏ బడిలో అని అతను అడిగాడు. "అన్ని బళ్ళకు," అన్నారు మామయ్య తొణక్కుండా.

బస్సు కదిలింది. కిటికీలోంచి చెయ్యి ఊపాను. ఆయన నన్ను చూడటం లేదు. రోడ్డవతల ఒక లైన్‌మన్ కరెంటు స్తంభం ఎక్కుతున్నాడు. మామయ్య మెడ ఎత్తి అతని పాదాలనే చూస్తున్నారు. బస్సు మలుపు తిరిగేదాకా ఆయన కుడిచెయ్యి గాలిలో, ఆ మనిషి ఎడమకాలికి చోటు చూపిస్తూనే ఉంది.