ఏడో నెంబరు మూత

నేను తొందరపడి బీరును సీసాల్లో పోశాననీ, అందుకే అవి పేలిపోయాయనీ మా ఆయన పదకొండేళ్ళుగా చెప్పుకొస్తున్న కథలో, పేలాయన్న మాట ఒక్కటే నిజం. మిగిలినదంతా, మర్యాదగా చెప్పాలంటే, ఆయన సొంత వంటకం. మొన్న శనివారం ఇక్కడే, మేం వలస వచ్చి స్థిరపడ్డ వెర్రిబీలో, ఒకరింటి పెరట్లో మాంసం కాల్చే బార్బీ పొయ్యి చుట్టూ చేరినప్పుడు, ఈ దేశంలో ఉండిపోవడానికి ఈమధ్యే పీఆర్ వచ్చిన ఒక ఇంజినీరు తాను ఇంట్లో తయారు చేసిన బీరు తెచ్చి మూత తీశాడు. టప్పుమన్న ఆ చప్పుడుకు నేను మొహం తిప్పేసుకుని రెండు చేతులూ కళ్ళకు అడ్డం పెట్టుకున్నాను. కావాలని చేసింది కాదు. ఆ భయం నా ఒంట్లో అలా ఉండిపోయింది. అందరూ నవ్వారు. "మా ఆవిడకి పేషెన్స్ తక్కువ బాస్, ఫోర్త్ డేనే బాటిల్స్‌లో పోసేసింది" అంటూ మా ఆయన చేతిలో పటకారు ఊపుతూ కథ ఎత్తుకున్నారు.

నాలుగో రోజు కాదు, పదమూడో రోజు. నోటుబుక్కు ఇంకా నా దగ్గరే ఉంది.

అసలు ఆ పని మొదలుపెట్టింది కూడా నేను కాదు. ఇల్లు మారుతున్న స్నేహితుడొకరు ఇచ్చిన ప్లాస్టిక్ డ్రమ్ముతో మా ఆయనే మొదలుపెట్టారు. మూత పెట్టి వదిలేయాల్సిన దాన్ని రోజుకు మూడుసార్లు తెరిచి వాసన చూసేసరికి అది కాస్తా పులిసి వెనిగర్ అయి కూర్చుంది. "ఆవకాయ జాడీలో తడి గరిటె పెట్టే రకం ఈయన" అని ఎనిమిది కుటుంబాల ముందు నేను ఆయన్ని కడిగేశాను. అక్కడితో ఆగానా, వారం రోజులపాటు ఫోన్లో అందరికీ చెప్పాను. ఆయన కూడా నవ్వారు. నవ్వి, లేచి వెళ్ళి కారు తుడుచుకున్నారు. అప్పట్లో నాకది ఒక విశేషంగా తోచలేదు. ఆ తర్వాత డ్రమ్ము నా చేతికి వచ్చింది. కెమిస్ట్రీ డిగ్రీ చేసినదాన్ని, కొలిచి చేస్తే కుదరనిదేముంటుందన్న ధీమా నాది.

కొలిచే చేశాను. మాల్టు నీళ్ళలో ఈస్ట్ వేస్తే అది తీపిని తింటూ వారం రోజులు బుడబుడలాడుతుంది. తీపి ఎంత మిగిలిందో చెప్పడానికి ఒక గాజు పుల్ల ఉంటుంది, పానకంలో పైకి తేలుతుంది, తీపి తగ్గేకొద్దీ మునుగుతుంది. ఎనిమిదో రోజు అది ఏ గీత దగ్గర ఉందో తొమ్మిదో రోజు కూడా అక్కడే ఉంది. అంటే ఈస్ట్ పని ముగించిందన్నమాట. ఇక హాప్స్. ఒక తీగకు పూసే చేదు పూలవి. ఎండబెట్టి, పొడి చేసి, పశువుల దాణాలా పచ్చటి బిళ్ళలు చేసి అమ్ముతారు. బుడగలు వస్తుండగా వేస్తే పరిమళమంతా బుడగలతోపాటే ఎగిరిపోతుంది, కాబట్టి అంతా సద్దుమణిగాకే వేయాలని ఎక్కడో చదివాను. పదో రోజు వేశాను. మూడు రోజులు నాననిచ్చి, పదమూడో రోజు ముప్పై పెద్ద సీసాల్లో పోసి, నురగ కోసం తలో అర చెంచా పంచదార వేసి మూతలు బిగించి, ఒక్కో మూత మీద ఒకటి నుంచి ముప్పై దాకా నెంబర్లు రాశాను.

నాకు తెలియనిదల్లా ఒక్కటే. నిద్రపోయిన ఈస్ట్‌ను హాప్స్ మళ్ళీ లేపుతాయి. అది తినలేక వదిలేసిన తీపిని ఇవి విరిచి నోటికి అందిస్తాయి. ఈ కాలం పిల్లలు ఈ సంగతి ఎక్కాల్లా అప్పజెపుతారు గానీ అప్పట్లో మాకు ఎవరూ చెప్పలేదు. హాప్స్ వేశాక నేను మళ్ళీ కొలవలేదు. అది నా తప్పు, ఒప్పుకుంటాను. కానీ నా తప్పు అదొక్కటే.

సీసాలను అతిథుల గదిలో గోడ బీరువా అడుగున, దుప్పట్ల వెనక దాచాను. ఇంటి మొత్తానికి చల్లనిది ఆ గదే. మర్నాడు బెజవాడ నుంచి మా మావగారు దిగి ఆ గదిలోనే చేరారు. ఆయన రైల్వేలో గార్డుగా చేసి రిటైరైన మనిషి. గడియ వేయకుండా కునుకు తీయడం ఆయన ఎరగరు. వచ్చిన రెండో రోజే హార్డ్‌వేర్ షాపు నుంచి గడియ తెప్పించి తలుపుకు బిగించుకున్నారు. చెవికి మిషన్ ఉండేది, పడుకునేటప్పుడు తీసేసేవారు. ఇంట్లో బీరు ఉందంటే ఏమంటారోనని, అడుగున ఉన్నది వెనిగర్ అని చెప్పాం. పై కడ్డీకి ఆయన చొక్కాలు తగిలించాను.

సీసాల్లో పోసిన పదో రోజు ఎండ నలభై మూడు. భోజనాలయ్యాక వీధి మొత్తానికి కరెంటు పోయింది. మావగారు ఎప్పటిలాగే మిషన్ తీసి, గడియ వేసుకుని పడుకున్నారు. మూడు గంటలప్పుడు నేను వంటింట్లో ఉండగా ఆ గదిలోంచి చప్పుడు వచ్చింది. తుపాకీ పేలినట్టుందంటారు మా ఆయన. ఆయన తుపాకీ ఎప్పుడు విన్నారో నాకు తెలియదు. నన్ను భయపెట్టింది పేలుడు కాదు, దాని వెనకే గాజు రాలిన సన్నని మోత. ఒక్క క్షణంలో అంతా అర్థమైంది. ఆ ఉక్కలో ఇంకా ఇరవైతొమ్మిది సీసాలు భుజం భుజం ఆనించుకుని నిలబడి ఉన్నాయి, అప్పటి నా లెక్క ప్రకారం. మంచానికీ బీరువాకూ మధ్య దూరం మూరెడు.

తలుపు ఎంత బాదినా పలుకు లేదు. చెప్పుల్లేకుండా ఇంటి చుట్టూ కిటికీ దగ్గరికి పరిగెత్తాం, చప్పుడు విన్న పక్కింటి ముసలావిడ కూడా "యూ ఓకే, లవ్?" అంటూ పక్క గేటు తీసుకుని వచ్చేసింది. మావగారు బనీనుతో, బీరువా వైపు వీపు పెట్టి హాయిగా నిద్రపోతున్నారు. కిటికీ అద్దం బాదాం. "నాన్నా! నాన్నా!" అని మా ఆయన అరుస్తుంటే ఆ గొంతు నేనెప్పుడూ వినలేదనిపించింది. చివరికి మా నీడలకో ఏమో ఆయన కదిలారు, లేచి కూర్చున్నారు, మమ్మల్ని చూశారు, మా పక్కనున్న ఆవిడను చూశారు. చప్పున రెండు చేతులూ ఛాతీకి అడ్డం పెట్టుకున్నారు. పరాయి ఆడమనిషి ముందుకు బనీనుతో వచ్చే మనిషి కాదాయన. ఒక్క నిమిషం అన్నట్టు వేలు చూపించి, చొక్కా కోసం బీరువా వైపు తిరిగారు.

 అరిస్తే వినిపించదు, వీపు మావైపు. ఆ బీరువా జారుడు తలుపుకు నిలువుటద్దం ఉంది. ఆయన చెయ్యి దాని పిడి మీదికి వెళ్తోంది. ఆ అద్దంలో మా కిటికీ కనిపిస్తోందని అప్పుడు గమనించాను.

"చొక్కా విప్పండి!" అన్నాను మా ఆయనతో.

"ఏంటే, నీకు మతిపోయిందా?"

"ఆయన వెళ్తున్నది చొక్కా కోసం! విప్పి కిటికీకి ఆనించండి!"

ఆయన విప్పారు. గుండీలు తెంపుకోకుండా విప్పడం ఆ మనిషికే చెల్లింది. నడుము పైన నూలుపోగు లేని కొడుకు చొక్కా చాపుకుని కిటికీకి అతుక్కుపోయి ఉండటం మావగారు నిలువుటద్దంలో చూశారు. చెయ్యి ఆగింది. మెల్లగా కిటికీ దగ్గరికి వచ్చి తలుపు జరిపి, "ఏవిట్రా ఈ వేషం?" అన్నారు. మా ఆయన దోమతెర చింపి చొక్కా లోపలికి తోశారు. నేను మావగారి చెవి దగ్గర నోరు పెట్టి, బీరువా ముట్టుకోకుండా ఇది వేసుకుని వచ్చేయమని అరిచాను. ఆయన వేసుకున్నారు. అయిదు గుండీలూ పెట్టుకున్నారు, మెడ దగ్గరిది కూడా. ఆ అయిదు గుండీల సేపు నేను ఏ దేవుడికి మొక్కానో ఆ దేవుడికే తెలియాలి. గడియ తీసి ఆయన వరండాలోకి అడుగుపెట్టారు. వెనకాల రెండోది, మూడోది వరసగా పేలాయి. నిలువుటద్దం పైనుంచి కిందికి చీలింది.

పెరట్లో కుర్చీ వేసి మజ్జిగ ఇస్తే తాగి, "వెనిగర్‌కి ఇంత కోపం ఉంటుందని నాకు తెలీదమ్మాయ్" అన్నారాయన. మళ్ళీ ఆ ఊసెత్తలేదు.

ఎండ తగ్గాక మా ఆయన క్రికెట్ హెల్మెట్, ప్యాడ్లు, పైన నా చలికోటు తొడుక్కుని, మిగిలిన వాటిని తడి తువ్వాలులో చుట్టి ఒక్కొక్కటే మోసుకెళ్ళి పెరట్లోని చెత్త బిన్‌లో పడుకోబెట్టారు. కథలో నవ్వులు పండేది ఇక్కడే. ఆయన చెప్పనిది నేను చెబుతాను: కడ్డీకి వేలాడుతున్న మావగారి తెల్ల చొక్కాకు, కడుపు దగ్గర, చిటికెన వేలంత గాజు పెంకు గుచ్చుకుని ఉంది.

మర్నాడు నేను మూతలు ఏరాను. పేలినవి తొమ్మిది, బిన్‌లో ఇరవై. ఏడో నెంబరు లేదు. ఏ మూలకో ఎగిరి ఉంటుందనుకున్నాను. వారం తర్వాత బట్టలుతికే మిషన్ అడుగున, మా ఆయన నిక్కరు జేబులోంచి జారి, ఏడో నెంబరు మూత దొరికింది. పేలిన మూత కాదు. ఓపెనర్‌తో తీసింది, ఒక పక్క వంగి ఉంది. గరాజులోకి వెళ్ళి తల పైకెత్తాను. తుడిచినా పోని పసుపు మరక సీలింగ్ మీద ఉంది. అప్పుడు గుర్తొచ్చింది: సీసాల్లో పోసిన నాలుగో రోజున, చీపురు పట్టడం తెలియని మా ఆయన ఎవరూ అడగకుండా గరాజు కడిగారు. ఎంత బుద్ధిమంతుడో అని నేను స్నేహితురాలికి ఫోన్ చేసి మరీ చెప్పాను.

అంటే ఆయనకు తెలుసు. ఆరు రోజుల ముందే తెలుసు. ఒక్క మాట చెప్పి ఉంటే, అన్నిటినీ ఫ్రిజ్‌లోకి మార్చేదాన్ని. ఆ చలికి ఈస్ట్ ముడుచుకుని పడుకునేది. మూత చేతిలో పెట్టి అడిగాను. "ఏమో, గుర్తులేదే" అని, నిన్ననే కోసిన గడ్డి మీద మళ్ళీ మిషన్ తోలుకున్నారు.

ఇప్పుడు ఆ ఇంజినీరు డ్రమ్ములో ఏదో పరికరం తేలేసి ఉంచుతాడట. తీపి ఎంత తగ్గిందో గంటగంటకూ అదే ఫోన్‌కు కబురు పంపుతుందట. ఒకరు చూసి ఇంకొకరికి చెప్పాల్సిన అవసరమే లేదు. మావగారు పోయి నాలుగేళ్ళు; ఆయన గడియ ఆ తలుపుకు అలాగే ఉంది, తీయడానికి చేతులు రావు. మా ఆయనకు కూడా ఇప్పుడు ప్రతిదీ రెండుసార్లు చెప్పాల్సి వస్తోంది. నేను మళ్ళీ డ్రమ్ము ముట్టలేదు. నా నోరు తగ్గిందా అంటే, ఇది చదువుతున్నవాళ్ళే చెప్పాలి.

కానీ ఆ నాలుగో రోజు, గరాజు కడిగిన తడి కాళ్ళతో ఆయన వంటింటి గుమ్మం దాకా వచ్చి నిలబడటం నాకు బాగా గుర్తు. ఏదో అనబోయి మంచినీళ్ళు అడిగారు. ఏం కావాలో సరిగా చెప్పడం కూడా రాదా అని నేను విసుక్కుంటూ గ్లాసు అందించాను. అప్పుడు జేబులో ఆ మూత ఉండే ఉంటుంది. ఏమండీ, మీ నాన్నగారి తలకు మూరెడు దూరంలో ఉన్న ఆ సీసాలకన్నా మీరు నా నోటికే ఎక్కువ భయపడ్డారా?